హైదరాబాద్ నుంచి డాలస్‌కు విమాన ప్రయాణం: దోహా, దుబాయ్, లండన్, ఫ్రాంక్‌ఫర్ట్, ఢిల్లీ దారుల్లో ఏది ఎవరికి?

శంషాబాద్ విమానాశ్రయం నుంచి డాలస్-ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయానికి భూగోళం మీద అతి దగ్గరి దారి సుమారు 14,400 కిలోమీటర్లు. గోడకు తగిలించిన ప్రపంచ పటం చూస్తే ఆ దారి అరేబియా, యూరప్, అట్లాంటిక్ మీదుగా పడమరకు పోతుందని అనిపిస్తుంది. కానీ ఒక గ్లోబు తీసుకుని రెండు ఊళ్ల మధ్య దారం బిగించి పట్టుకుంటే అది దాదాపు నిటారుగా ఉత్తరానికి పోతుంది. ఢిల్లీ పక్కనుంచి హిమాలయాలు, మధ్య ఆసియా, సైబీరియా దాటి, ఉత్తర ధ్రువానికి 500 కిలోమీటర్ల దగ్గరగా వెళ్లి, అక్కడినుంచి కెనడా మీదుగా టెక్సస్‌లోకి దిగుతుంది. రెండు ఊళ్ల రేఖాంశాల మధ్య తేడా 175 డిగ్రీలు. ఇంచుమించు భూమికి ఈ పక్క ఒక ఊరు, ఆ పక్క ఒక ఊరు.

ఈ దారిలో నేరుగా వెళ్లే విమానం లేదు. విమానాలకు ఆ శక్తి లేక కాదు. ఆస్ట్రేలియాలోని పెర్త్ నుంచి లండన్‌కు మధ్యలో ఆగకుండా వెళ్లే విమానాన్ని క్వాంటాస్ సంస్థ 2018లోనే మొదలుపెట్టింది. ఆ దూరం సుమారు 14,500 కిలోమీటర్లు, అంటే మన దూరానికి సమానమే. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు 15,300 కిలోమీటర్ల పైచిలుకు దూరం కూడా ఆగకుండానే ఎగురుతున్నారు. అయితే అంత దూరం ఎగరాలంటే విమానం మోసే బరువులో పెద్ద వాటా ఇంధనానిదే అవుతుంది. ఆ ఖర్చు గిట్టుబాటు కావాలంటే బిజినెస్ క్లాసు సీట్లు రోజూ నిండాలి. ఎయిర్ ఇండియా 2021 జనవరిలో హైదరాబాద్ నుంచి చికాగోకు నాన్‌స్టాప్ మొదలుపెట్టింది, తర్వాత ఆపేసింది. కాబట్టి డాలస్ వెళ్లేవారు ఎక్కడో ఒకచోట విమానం మారక తప్పదు.

ఎక్కడ మారాలన్న ప్రశ్న ప్రతి ఇంట్లోనూ వస్తుంది. డాలస్ చుట్టుపక్కల ఇర్వింగ్‌లోనో ఫ్రిస్కోలోనో ఉన్న అమ్మాయి ఫోను చేసి తేదీలు చెబుతుంది. ఇక్కడ ట్రావెల్ ఏజెంటు నాలుగు ధరలు చెబుతాడు. ఇంట్లో అందరూ ఆ ధరల పక్కన ఉన్న మొత్తం గంటలు చూసి, తక్కువ ఉన్నదాన్ని ఎంచుకుంటారు. ఆ ఒక్క అంకె చూసి నిర్ణయించవద్దని గట్టిగా చెప్పాలనే ఇది రాస్తున్నాను. ఎందుకో కింది పట్టికలో కనిపిస్తుంది.

దూరాల లెక్క

ఇవన్నీ భూగోళం మీద లెక్కగట్టిన సుమారు దూరాలు. గాలిని బట్టి, గగనతల ఆంక్షలను బట్టి విమానం నిజంగా ఎగిరే దూరం కొంత పెరుగుతుంది. గంటలు అమెరికా వెళ్లేటప్పటివి.

| దారి | మొదటి విమానం | రెండో విమానం | మూడో విమానం | మొత్తం దూరం |
|---|---|---|---|---|
| దోహా | 2,910 కి.మీ., 4 గంటల పైన | 12,750 కి.మీ., 16 గంటలు | లేదు | 15,660 కి.మీ. |
| దుబాయ్ | 2,550 కి.మీ., 4 గంటలు | 12,930 కి.మీ., 16 గంటల పైన | లేదు | 15,480 కి.మీ. |
| లండన్ | 7,750 కి.మీ., 10 గంటలు | 7,630 కి.మీ., 10 గంటల పైన | లేదు | 15,380 కి.మీ. |
| ఫ్రాంక్‌ఫర్ట్ | 7,120 కి.మీ., 9 గంటల పైన | 8,260 కి.మీ., 11 గంటలు | లేదు | 15,380 కి.మీ. |
| అబుదాబి, చికాగో | 2,590 కి.మీ., 4 గంటలు | 11,690 కి.మీ., 15 గంటలు | 1,290 కి.మీ., 3 గంటలు | 15,570 కి.మీ. |
| ఢిల్లీ, చికాగో | 1,270 కి.మీ., 2 గంటల పైన | 12,020 కి.మీ., 15 గంటల పైన | 1,290 కి.మీ., 3 గంటలు | 14,580 కి.మీ. |
| హాంకాంగ్ | 3,750 కి.మీ., 5 గంటల పైన | 13,050 కి.మీ., 15 గంటలు | లేదు | 16,800 కి.మీ. |

దోహా దారికీ లండన్ దారికీ తేడా 280 కిలోమీటర్లు. విమానం ఆ దూరాన్ని ఇరవై నిమిషాల్లో దాటేస్తుంది. ఇమ్మిగ్రేషన్ క్యూలో ముందు ఒక పెద్ద కుటుంబం నిలబడితే ఆ ఇరవై నిమిషాలూ అక్కడే పోతాయి. ఎటు వెళ్లినా గాలిలో గడిపేది ఇరవై గంటలు, దానికి అటూ ఇటూ ఒకటి రెండు గంటలు. గల్ఫ్ దారి ఆ ఇరవై గంటలను నాలుగు, పదహారుగా విరుస్తుంది. యూరప్ దారి పది, పదిగా విరుస్తుంది. మనిషి ఒంటికి ఈ రెండూ ఒకటి కావు. అసలు ఎంచుకోవలసింది ఇక్కడే.

ముందుగా వేసుకోవలసిన ప్రశ్నలు

మొదటిది, ఒకేసారి ఎన్ని గంటలు కూర్చోగలరు? మోకాళ్ల నొప్పులు, కాళ్ల వాపులు, ప్రొస్టేట్ ఇబ్బంది, నడుము నొప్పి ఉన్నవారికి ఈ ఒక్క ప్రశ్నే మిగతా అన్నిటినీ తేల్చేస్తుంది. నాలుగు గంటలకు మించి కదలకుండా చేసే ప్రయాణంలో కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనం 2007లోనే తేల్చింది. పదహారు గంటలంటే ఆ నాలుగు గంటలకు నాలుగింతల సమయం.

రెండోది, ఎన్నిసార్లు విమానం మారాలి, మారే చోట ఎంతసేపు ఉండాలి? తొలిసారి వెళ్లే పెద్దవాళ్లకు రెండున్నర నుంచి నాలుగు గంటల లేఓవర్ సరిగ్గా సరిపోతుంది. గంటన్నరకు తగ్గితే పరుగెత్తాలి. ఎనిమిది గంటలు దాటితే కుర్చీలో కునుకు తీస్తూ ఒళ్లు హూనమవుతుంది. టికెట్ ధరలో కొన్ని వేలు తగ్గాయని పద్నాలుగు గంటల లేఓవర్ అమ్మానాన్నలకు కట్టబెట్టడం నాకు అసలు నచ్చని పని.

మూడోది, అమెరికా ఇమ్మిగ్రేషన్ ఏ ఊళ్లో జరుగుతుంది? అబుదాబి దారి తప్పిస్తే, అమెరికాలో మొదట దిగిన చోటే ఇమ్మిగ్రేషన్ జరుగుతుంది, అక్కడే సామాను తీసుకుని కస్టమ్స్ దాటాలి. డాలస్‌లోనే దిగితే ఆ తర్వాత బయట పిల్లలు ఎదురుచూస్తుంటారు. చికాగోలో దిగితే పెట్టెలు బెల్టు మీదనుంచి దింపి, మళ్లీ అప్పగించి, మళ్లీ భద్రతా తనిఖీ దాటి, మరో టెర్మినల్‌కు పోయి మూడో విమానం ఎక్కాలి.

ఇక నాలుగోది చాలామంది అడగనే అడగరు. విమానం తప్పిపోతే తర్వాతి విమానం ఎప్పుడు? దీని సంగతి తర్వాత వివరంగా చెబుతాను.

ఇంటి గుమ్మం నుంచి గుమ్మం వరకు లెక్క వేయడం కూడా మరవకండి. విజయవాడ నుంచి శంషాబాద్‌కు కారులో అయిదు గంటలు. విమానం వేళకు మూడు నాలుగు గంటలు ముందే చేరాలి. డాలస్‌లో దిగాక ఇమ్మిగ్రేషన్‌కు గంటో రెండో, ఆపైన ఇంటికి మరో ముప్పావు గంట. టికెట్ మీద 22 గంటలని ఉన్న ప్రయాణం ఆ ఇంటి పెద్దావిడకు 33 గంటలు అవుతుంది. అందులో నిద్ర మూడు నాలుగు గంటలకు మించదు.

గల్ఫ్ దారి: దోహా, దుబాయ్

డాలస్‌కు ఎమిరేట్స్ 2012లో, కతార్ ఎయిర్‌వేస్ 2014లో విమానాలు మొదలుపెట్టాయి. అప్పటినుంచి తెలుగు కుటుంబాల్లో ఎక్కువమందికి అలవాటైన దారి ఇదే. దీనికి కారణాలు బలమైనవే.

శంషాబాద్ నుంచి గల్ఫ్ విమానాల్లో చాలా వరకు అర్ధరాత్రి దాటాక, తెల్లవారుజామున బయలుదేరతాయి. నాలుగు గంటల్లో దిగుతారు. దోహాలో ఉన్నది ఒకే టెర్మినల్. దుబాయ్‌లో ఎమిరేట్స్ విమానాలన్నీ మూడో టెర్మినల్‌లోనే వచ్చిపోతాయి. ట్రాన్సిట్ హాల్లో తెలుగు వినపడుతుంది. దారి తెలియక నిలబడిన పెద్దాయనను పలకరించి, "బాబాయ్, మీదీ డాలస్ విమానమేనా? మాతో రండి" అని వెంట తీసుకెళ్లే కుర్రవాళ్లు దొరుకుతారు. తొలిసారి ప్రయాణించేవారికి ఇది కొలవలేని ధైర్యం. మధ్యలో మారాక తర్వాత దిగేది డాలస్‌లోనే. అక్కడే ఇమ్మిగ్రేషన్, అక్కడే సామాను.

కష్టమంతా ఆ పదహారు గంటల్లో ఉంది. గల్ఫ్ నుంచి డాలస్ విమానాల్లో కొన్ని ఉదయం బయలుదేరతాయి. అలాంటి విమానం సూర్యుడి వెంటే పడమరకు పోతుంది కాబట్టి దారిలో చాలావరకు బయట పగలే ఉంటుంది, దిగేసరికి డాలస్‌లో అదే రోజు సాయంత్రం. కిటికీ తలుపులు దించి చీకటి చేస్తారు గానీ, భారత కాలమానంలో ఉన్న శరీరానికి పగలేదో రాత్రేదో తెలియదు. పది పన్నెండు గంటలు గడిచాక ఇంకా నాలుగైదు గంటలున్నాయని తెర మీద చూసినప్పుడు ఓపిక నశిస్తుంది. చాలామంది పెద్దవాళ్లు పక్కవాళ్లను లేపడం ఇష్టంలేక మరుగుదొడ్డికి కూడా లేవరు, నీళ్లు తాగడం తగ్గిస్తారు. కాళ్లు వాచి, దిగేముందు చెప్పుల్లో పాదం పట్టదు. గల్ఫ్ దారి ఎంచుకుంటే నడవ పక్క సీటు ముందే కొని పెట్టండి. అదనంగా డబ్బు అడిగినా సరే. ప్రయాణం మొత్తంలో అంతకన్నా సార్థకమైన ఖర్చు లేదు.

ఏ రకం విమానమో కూడా చూడండి. బోయింగ్ 777లో ఈ సంస్థలు ఎకానమీ వరుసకు పది సీట్లు వేస్తాయి. ఎయిర్‌బస్ ఏ350లో సాధారణంగా తొమ్మిది. ఏ350, బోయింగ్ 787 రకాల లోపల గాలి ఒత్తిడిని ఆరు వేల అడుగుల ఎత్తుకు సమానంగా ఉంచుతారు. పాత రకాల్లో అది ఎనిమిది వేల అడుగుల దాకా పోతుంది. నాలుగు గంటల ప్రయాణంలో ఈ తేడా తెలియదు. పదహారు గంటల్లో తలనొప్పి, అలసటల రూపంలో తెలుస్తుంది. టికెట్ తీసుకునేటప్పుడు విమానం రకం పేరు అక్కడే రాసి ఉంటుంది.

దోహా, దుబాయ్‌లలో ఒకటి తేల్చుకోమంటే లేఓవర్ ఎక్కడ బాగా కుదిరితే అదే తీసుకోమంటాను. మిగతా విషయాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు.

యూరప్ దారి: లండన్, ఫ్రాంక్‌ఫర్ట్

లండన్‌కు బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం శంషాబాద్ నుంచి ఎన్నో ఏళ్లుగా ఉంది. ఫ్రాంక్‌ఫర్ట్‌కు లుఫ్తాన్సా 2024 జనవరిలో మొదలుపెట్టింది. ఈ దారిలో రెండు ప్రయాణాలూ ఇంచుమించు సమానం. తొమ్మిది పది గంటల తర్వాత దిగి, కాళ్లు చాపి, మొహం కడుక్కుని, నాలుగడుగులు నడిచి మళ్లీ ఎక్కుతారు. ఆరోగ్యరీత్యా చూస్తే నా దృష్టిలో ఇదే మెరుగైన విభజన. గుండె ఆపరేషన్ అయినవారు, గతంలో కాళ్లలో రక్తం గడ్డకట్టినవారు డాక్టరుతో మాట్లాడేటప్పుడు ఈ పది, పది లెక్కనే ఆయన ముందు పెట్టండి.

కానీ మారే చోట శ్రమ ఎక్కువ. హీత్రూలో దిగిన టెర్మినల్ ఒకటి, ఎక్కవలసినది మరొకటి కావచ్చు. అప్పుడు బస్సులో మారాలి, మళ్లీ భద్రతా తనిఖీ దాటాలి. ఫ్రాంక్‌ఫర్ట్‌లో నడక చాలా దూరం. తనిఖీ గల్ఫ్‌లోనూ ఉంటుంది, అమెరికా విమానాలకు గేటు దగ్గర మరోసారి కూడా చూస్తారు. యూరప్‌లో మాత్రం ఇంగ్లిష్ లేదా జర్మన్‌లో చకచకా చెప్పే మాటలు అర్థం చేసుకుంటూ అన్నీ చేయాలి. చేతి సంచిలో గోంగూర పచ్చడి సీసా ఉంటే తనిఖీలో ఆగిపోవచ్చు. నూనె తేలే పచ్చడి తనిఖీలో ద్రవం కిందే లెక్క, 100 మిల్లీలీటర్లు దాటితే చాలాచోట్ల తీసి పక్కన పెట్టేస్తారు. ఏ దారిన వెళ్లినా పచ్చళ్లు గట్టిగా మూతపెట్టి పెద్ద పెట్టెలోనే సర్దాలి.

ట్రాన్సిట్ వీసా సంగతి యూరప్ దారికి ప్రత్యేకం. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా పాస్‌పోర్టులో ఉంటే, బయటకు రాకుండా విమానం మారడానికి లండన్‌లోగానీ ఫ్రాంక్‌ఫర్ట్‌లోగానీ విడిగా వీసా అక్కర్లేదు. చిక్కు వచ్చేది అమెరికాలో ఉద్యోగం చేసుకుంటూ, పాస్‌పోర్టులోని వీసా ముద్ర గడువు తీరిపోయి, కొత్త ముద్ర కోసం ఇండియాకు వచ్చేవారికి. అక్కడ ఉండే హక్కు ఉన్నా, చెల్లే ముద్ర లేదు కాబట్టి ఈ మినహాయింపు వర్తించకపోవచ్చు. వర్తించకపోతే డాలస్‌లో చెక్-ఇన్ కౌంటర్ దగ్గరే ఆపేస్తారు. ఇలాంటివారు గల్ఫ్ దారిలోనే రావడం మేలు. విమానాశ్రయం దాటి బయటకు పోనంతవరకు దోహా, దుబాయ్‌లలో ఆ తలనొప్పి లేదు. యూరప్ నుంచే రావాలనుకుంటే టికెట్ కొనకముందే ఆ దేశపు ప్రస్తుత నియమం చూసుకోండి.

విమానం తప్పితే ఏమిటి?

ఏ కూడలి విమానాశ్రయమూ నూటికి నూరుపాళ్లు నమ్మదగినది కాదు. 2024 ఏప్రిల్‌లో కుంభవృష్టికి దుబాయ్ విమానాశ్రయం నీటమునిగి రోజుల తరబడి విమానాలు తారుమారయ్యాయి. 2025 మార్చి 21న దగ్గర్లోని విద్యుత్ సబ్‌స్టేషన్‌లో మంటలు చెలరేగి హీత్రూ దాదాపు రోజంతా మూతపడింది. 2025 జూన్ 23న ఇరాన్ క్షిపణి దాడి వేళ కతార్ తన గగనతలాన్ని కొన్ని గంటలు మూసేసింది, గాల్లో ఉన్న విమానాలు ఎక్కడెక్కడికో మళ్లాయి. ఫ్రాంక్‌ఫర్ట్‌కు సమ్మెలు, శీతకాలపు మంచు ఉండనే ఉన్నాయి.

అందుకే తర్వాతి విమానం ఎప్పుడన్నది ముఖ్యం. లండన్ నుంచి డాలస్‌కు బ్రిటిష్ ఎయిర్‌వేస్, అమెరికన్ ఎయిర్‌లైన్స్ కలిసి రోజూ అనేక విమానాలు నడుపుతాయి. ఉదయం విమానం తప్పితే మధ్యాహ్నం విమానంలో సీటు దొరికే అవకాశం ఉంది. దోహా, దుబాయ్‌ల నుంచి డాలస్‌కు ఉన్నవి రోజుకు ఒకటో రెండో. తప్పితే చాలావరకు మర్నాడే. హోటలు గది, భోజనం సాధారణంగా సంస్థే ఇస్తుంది, అయితే అది రెండు ప్రయాణాలూ ఒకే టికెట్ మీద ఉన్నప్పుడే. వేర్వేరుగా కొన్న రెండు టికెట్లతో ప్రయాణిస్తూ మొదటి విమానం ఆలస్యమైతే, రెండో సంస్థకు మీరు వేళకు రాని ప్రయాణికులు మాత్రమే. పెద్దవాళ్లకు విడి టికెట్లు ఎంత చవకగా వచ్చినా కొనవద్దు.

గల్ఫ్ ప్రాంతంలో ఉద్రిక్తత ఉన్న రోజుల్లో టికెట్ కొనేవారు ఆ వారం విమానాలు నిజంగా తిరుగుతున్నాయో లేదో, తేదీ మార్చుకునే వీలుందో లేదో రెండూ చూసుకోవాలి.

ఢిల్లీ దారి: పటంలో దగ్గర, ప్రయాణంలో?

పట్టికలో అతి తక్కువ దూరం ఢిల్లీ, చికాగో దారిదే. నేరు దారి ఎలాగూ ఢిల్లీ పక్కనుంచే పోతుంది కనుక ఇందులో ఆశ్చర్యం లేదు. 14,580 కిలోమీటర్లంటే నేరు దూరం కన్నా రెండు వందలు కూడా ఎక్కువ కాదు. మన భాష, మన తిండి, ఢిల్లీ దాకా దేశంలోనే ప్రయాణం.

కానీ 2025 ఏప్రిల్ 24న పాకిస్థాన్ తన గగనతలాన్ని భారతీయ విమానాలకు మూసింది, ఆ తర్వాత ఆ ఆంక్షను పొడిగిస్తూ వచ్చింది. ఎయిర్ ఇండియా ఉత్తర అమెరికా విమానాలు చుట్టూ తిరిగి వెళ్లవలసి వచ్చింది. కొన్ని మధ్యలో వియన్నా వంటి చోట్ల ఇంధనం కోసం ఆగాయి. ఢిల్లీ, వాషింగ్టన్ విమానాన్ని 2025 సెప్టెంబరు 1 నుంచి నిలిపివేశారు. విదేశీ సంస్థలకు ఈ ఆంక్ష లేదు కాబట్టి లుఫ్తాన్సా, బ్రిటిష్ ఎయిర్‌వేస్, గల్ఫ్ సంస్థలు మామూలు దారిలో పోవచ్చు. ఈ దారి తీసుకోవాలంటే, మీరు ప్రయాణించే నెలలో ఆ విమానం నడుస్తోందా, మధ్యలో ఆగుతుందా, అసలు ఎన్ని గంటలు వేశారో అడిగి తెలుసుకోండి.

పైగా చికాగోలో సామాను తీసి మళ్లీ అప్పగించే పని ఉంటుంది, మూడు విమానాలు ఎక్కాలి. జనవరిలో చికాగోలో మంచు కురిస్తే డాలస్ విమానం ఎప్పుడు లేస్తుందో చెప్పలేం. వెంట ఇంగ్లిష్ ధారాళంగా మాట్లాడేవారు ఉంటే ఫరవాలేదు. పెద్దవాళ్లు ఒంటరిగా వెళుతుంటే ఈ దారి నేను చెప్పను.

అబుదాబి: ఇమ్మిగ్రేషన్ ముందే ముగించే దారి

అబుదాబి విమానాశ్రయంలో అమెరికా అధికారులే కూర్చుని ఇమ్మిగ్రేషన్, కస్టమ్స్ తనిఖీ పూర్తిచేసే కేంద్రం 2014 నుంచి ఉంది. అక్కడ ముద్ర పడితే చికాగోలోనో న్యూయార్క్‌లోనో దిగేటప్పటికి మీరు అమెరికాలోపల ఒక ఊరి నుంచి మరో ఊరికి వచ్చిన ప్రయాణికుడితో సమానం. క్యూ లేదు, ప్రశ్నలు లేవు. ఒకే టికెట్ మీద ఉంటే సామాను నేరుగా డాలస్ దాకా పోతుంది. ఏదైనా అనుమానంతో ఆపినా అబుదాబిలోనే తేలుతుంది.

ఇబ్బందల్లా మూడు విమానాలు ఎక్కవలసి రావడమే. అబుదాబిలో ఈ తనిఖీకి సమయం కావాలి కాబట్టి లేఓవర్ మూడు గంటలకు తగ్గకూడదు. విద్యార్థులకు ఇది బాగుంటుందని నా అభిప్రాయం. ఆగస్టులో డాలస్ ఇమ్మిగ్రేషన్ హాలు కొత్త విద్యార్థులతో నిండిపోతుంది. కాళ్లలో సత్తువ ఉన్న వయసులో మూడో విమానం పెద్ద లెక్కలోది కాదు.

తూర్పు దారి కూడా ఒకటుంది. కాథే పసిఫిక్ 2025 ఏప్రిల్‌లో హాంకాంగ్ నుంచి డాలస్‌కు విమానం మొదలుపెట్టింది. నేరు దూరం కన్నా 2,400 కిలోమీటర్లు ఎక్కువ. గల్ఫ్ గగనతలం మూతపడిన రోజుల్లో గుర్తుంచుకోదగిన దారి, మామూలు రోజుల్లో అవసరం రాదు.

ఎవరికి ఏది?

తొలిసారి వెళ్లే, ఇంగ్లిష్ అంతగా రాని, ఆరోగ్యం బాగానే ఉన్న అమ్మానాన్నలకు దోహా లేదా దుబాయ్. ఇద్దరికీ వీల్‌చెయిర్ అడగండి. నడవగలిగినా అడగండి. దానికి చాలా సంస్థలు డబ్బు తీసుకోవు, టికెట్ కొన్నప్పుడే చెబితే చాలు. వీల్‌చెయిర్ తోసే మనిషే గేటు దాకా దారి చూపిస్తాడు కాబట్టి తప్పిపోయే భయమే ఉండదు. శాకాహారులైతే ఆసియా శాకాహార భోజనం ముందే నమోదు చేయించండి. ఇమ్మిగ్రేషన్ అధికారి అడిగేవి ఎవరి దగ్గరకు వచ్చారు, ఎన్నాళ్లుంటారు, తిరుగు టికెట్ ఉందా అన్నవే. కూతురి పేరు, చిరునామా, ఫోను నంబరు, తిరుగు తేదీ పెద్ద అక్షరాలతో ఇంగ్లిష్‌లో ఒక కాగితం మీద రాసి పాస్‌పోర్టులో పెట్టండి.

మోకాళ్లు, గుండె, రక్తప్రసరణ సమస్యలున్నవారికి లండన్ లేదా ఫ్రాంక్‌ఫర్ట్, మూడు గంటల లేఓవర్‌తో, వీల్‌చెయిర్‌తో. ఇన్సులిన్ వాడేవారు మందుల వేళలు డాక్టరుతో ముందే రాయించుకోవాలి. అమెరికా వెళ్లేటప్పుడు రోజు పది గంటలకు పైగా సాగుతుంది కాబట్టి 'ఉదయం, రాత్రి' అన్న మాటలు అక్కరకు రావు. చేతి గడియారాన్ని డాలస్‌లో దిగేవరకు భారత కాలమానంలోనే ఉంచుకుంటే లెక్క తప్పదు. మందులు, డాక్టరు చీటీ చేతి సంచిలోనే ఉండాలి.

చంటిపిల్లలతో వెళ్లే తల్లులు రెండు రకాలుగా చెబుతారు. ఉయ్యాల తొట్టి దొరికే వయసు బిడ్డ అయితే గల్ఫ్ దారిలో ఒకసారి నిద్రపుచ్చాక కదిలించే పని లేదు. నడక వచ్చి కుదురుగా కూర్చోని పిల్లలకు పదహారు గంటలు నరకం. వాళ్లకు లండన్‌లో మూడు గంటలు పరుగులు పెట్టే చోటు దొరకడమే గొప్ప. తొట్టికి బరువు పరిమితి సంస్థను బట్టి మారుతుంది, అడిగి తెలుసుకోండి.

ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదని తెలిసి అప్పటికప్పుడు బయలుదేరేవారు దారి గురించి ఆలోచించకండి. ఏ విమానం ముందు దిగుతుందో అదే ఎక్కండి. అలాంటప్పుడు కూడా రెండు ప్రయాణాలూ ఒకే టికెట్ మీద ఉండేట్టు చూడమని ఏజెంటుకు ఒక్కమాట చెప్పండి.

తేదీల లెక్క

డాలస్ మనకన్నా వేసవిలో పదిన్నర గంటలు, శీతకాలంలో పదకొండున్నర గంటలు వెనక ఉంటుంది. అక్కడ మార్చి రెండో ఆదివారం గడియారం ముందుకు జరుపుతారు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి జరుపుతారు. ఆ రెండు తేదీల దగ్గర ప్రయాణించేవారు దిగే వేళ మరోసారి చూసుకోవాలి.

వెళ్లేటప్పుడు లెక్క తేలిక. జూన్‌లో ఒక శుక్రవారం తెల్లవారుజామున నాలుగింటికి శంషాబాద్‌లో ఎక్కి, మొత్తం 23 గంటలు ప్రయాణిస్తే డాలస్‌లో దిగేది అదే శుక్రవారం సాయంత్రం నాలుగున్నరకు. తిరిగి వచ్చేటప్పుడు పైన వీచే పడమటి గాలులు విమానాన్ని వెనకనుంచి నెడతాయి. డాలస్ నుంచి దోహాకు పద్నాలుగు గంటల చిల్లర, లండన్‌కు తొమ్మిది గంటలు చాలు. శుక్రవారం రాత్రి ఏడింటికి డాలస్‌లో ఎక్కి 21 గంటలు ప్రయాణిస్తే శంషాబాద్‌లో దిగేది ఆదివారం తెల్లవారుజామున రెండున్నరకు. టికెట్ మీద ఆదివారం అని చూసి, ఎదురు వెళ్లే కారును ఆదివారం రాత్రికి మాట్లాడుకున్న కుటుంబాలు ఉన్నాయి. కారు శనివారం రాత్రే విజయవాడ నుంచి బయలుదేరాలి.